తమ్మిసముద్రంలో బంగారు తీగ

అనగా అనగా, మబ్బులు ఇచ్చిన మాట తప్పని కాలంలో, తమ్మిసముద్రం అనే చెరువు ఒకటి ఉండేది. ఈ గట్టున నిలబడితే ఆ గట్టు కనబడదు. అంత నీటిని చెరువు అనడానికి మనసొప్పక జనం సముద్రం అన్నారు. నిండా తమ్మిపూలు, అంటే తామరలు, పూసేవి కనుక తమ్మిసముద్రం అన్నారు.

నీళ్లు ఎంత తేట అంటే, రేవులో అడుగు మెట్టు మీద చెక్కిన రాతి తాబేలు పైమెట్టు నుంచే కనబడేది. నీళ్లకు వచ్చిన ఆడవాళ్లు ముందు తాబేలును చూసి, ఆ తరువాతే బిందె ముంచేవాళ్లు. పిల్లలు పోటీపడి దాని గోళ్లు లెక్కపెట్టేవాళ్లు. తూము రాతి మీద ఒక లకుముకి పిట్ట కూర్చునేది. నీలి మెరుపులా నీళ్లలోకి దూకేది, పరిగె పిల్లను ముక్కున కరుచుకుని లేచేది.

గట్టు పక్కనే బెస్తవాళ్ల పల్లె. వాళ్లకొక ఆచారం ఉండేది. వలలో గుడ్లతో ఉన్న తల్లి చేప పడితే దాన్ని బుట్టలో వెయ్యరు. దాని నుదుట చిటికెడు పసుపు పెట్టి, "వెళ్లిరా తల్లీ, పిల్లలతో రా" అని నీళ్లలో వదిలేస్తారు. అరచేతికన్నా చిన్న చేపనూ అంతే. తాతల కాలం నుంచి ఈ మాట ఎవరూ తప్పలేదు. అందుకే ఎంత పట్టినా ఆ చెరువులో కొర్రమీనుకు గానీ జెల్లలకు గానీ కొదవ రాలేదు.

పల్లె పెద్ద ఓబులేసుకు ఒక మనవరాలు ఉండేది. పేరు చెంగలి. ఎవరైనా "ఇది కుదరదు" అన్నారంటే చాలు, ఎందుకు కుదరదో చూద్దామని లేచి నిలబడే పిల్ల. లెక్కలో చురుకు. వలను ఒకసారి చేత్తో తడిమి దానికి ఎన్ని కళ్లున్నాయో చెప్పేది. తాత నమ్మక లెక్కపెట్టి చూసుకునేవాడు. చివరికి ఆమె చెప్పిన లెక్కే తేలేది.

ఆ రాజ్యాన్ని కీర్తివర్ధనుడనే రాజు ఏలేవాడు. మంచివాడే. కాకపోతే మెరిసేది ఏది కనబడినా మనసు పారేసుకునేవాడు.

ఒకనాడు తూర్పు సముద్రం అవతలి నుంచి ఓడ వర్తకుడొకడు వచ్చి రాజుకు ఇత్తడి గంగాళం కానుకగా ఇచ్చాడు. అందులో కొన్ని చేపలు. ఒళ్లంతా బంగారు రేకులు తాపడం చేసినట్టు పొలుసులు, మూతికి చిన్న మీసాలు. ఎండ పడగానే సభంతా పసుపు వెలుగు పరుచుకుంది.

"వీటిని బంగారు తీగలంటారు ప్రభూ" అన్నాడు వర్తకుడు.

రాజు ఇంకేమీ అడగలేదు. అవి ఏం తింటాయో, ఎక్కడ గుడ్లు పెడతాయో, ఎంత పెరుగుతాయో అడగలేదు. గంగాళాన్ని పల్లకిలో పెట్టించి మేళతాళాలతో తమ్మిసముద్రానికి తెచ్చి నీళ్లలో వంపించాడు. ఇవి రాజు చేపలు, వీటి మీద వల వేస్తే శిక్ష తప్పదని చాటింపు వేయించాడు.

మొదటి ఏడు రేవులో బంగారం తళుక్కుమంటే జనం చప్పట్లు కొట్టారు. తరువాతి ఏడు నాలుగు వైపులా తళుక్కుమంది. ఆ తరువాత ఎటు చూసినా అదే తళుకు, కానీ తళుకు కింద ఇంకేదో జరుగుతోంది.

బంగారు తీగకు తిండి బురదలో ఉంటుంది. పందిపిల్లలా అది మూతి దోపి చెరువు అడుగంతా కుళ్లగిస్తుంది. వేళ్లు తెగి తమ్మితీగలు పైకి తేలాయి. తమ్మి ఆకుల నీడలో గుడ్లు పెట్టే పరిగెలకు చోటు లేకుండా పోయింది. ఎక్కడైనా ఒక మూల కొన్ని గుడ్లు మిగిలితే వాటినీ బంగారు తీగలు నీళ్లతో పాటు మింగేశాయి. నీళ్లు ఎర్రమట్టి కలిపినట్టయ్యాయి. రాతి తాబేలు మొదట మసకబారింది, తరువాత కనబడకుండా పోయింది.

లకుముకి పిట్ట తూము రాతి మీద ఈకలు ముడుచుకుని కూర్చుంది. అటు వెళుతున్న చెంగలిని చూసి నిష్ఠూరమాడింది.

"మీ రాజు చెరువుకు బంగారం పెట్టించాడు కదా, మరి నా కడుపుకేం పెట్టించాడు? పైనుంచి దూకుతుంటే నీళ్లో గోడో తెలియడం లేదు. నిన్న ముక్కు వెళ్లి బురదలో దిగబడింది. చూసినవాళ్లు నన్ను నాట్లు వేసే కూలి అనుకుని ఉంటారు."

చెంగలికి నవ్వొచ్చింది, వెంటనే ఆ నవ్వు ఆగిపోయింది. పిట్ట ఎముకలు బయటికి కనబడుతున్నాయి.

ఆ వేసవిలో నగరం బావుల్లో కూడా బురద వాసన మొదలైంది. అప్పుడు రాజు రేవుకు వచ్చాడు. పైమెట్టు మీద నిలబడి చూస్తే మెట్టు కింద మెట్టే కనబడలేదు. వెంట వచ్చిన మంత్రి, ఇక గట్టు తెగగొట్టించి చెరువు ఎండగట్టడమే దారి అన్నాడు. చేపలన్నీ చస్తాయి, మళ్లీ వానలకు కొత్త నీరు వస్తుంది, అంతవరకు బెస్తవాళ్లు కొండ మీదికి పోయి బతకాలి, అన్నాడు.

ఓబులేసు తలపాగా తీసి చేత పట్టుకున్నాడు. "కొండ మీద వల వేస్తే గాలి పడుతుంది దొరా. గాలిని కూర వండుకోవడం మాకు రాదు" అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. రాజు కూడా తల దించుకున్నాడు.

చెంగలి ముందుకు వచ్చింది. ఎండగడితే బంగారు తీగలతో పాటు మిగిలిన నాలుగు కొర్రమీనులూ చస్తాయని, ఆ తరువాత కొత్త నీరు వచ్చినా ఉత్త నీరే మిగులుతుందని చెప్పింది. వల వెయ్యవద్దన్న చాటింపు ఎత్తేయమని, గడువు ఇవ్వమని అడిగింది.

"ఎందాకా?" అన్నాడు రాజు.

"కార్తీక పున్నమి దాకా. వానల నీరు ఏటా అప్పటికి తేరుకుంటుంది. ఆ రోజు పొద్దున మీరు ఇదే మెట్టు మీద నిలబడండి. తాబేలు కనబడితే గట్టు ఉంటుంది. కనబడకపోతే మొదటి గడ్డపార దెబ్బ నేనే వేస్తాను."

ఓబులేసు ఆమె చెయ్యి పట్టి వెనక్కి లాగాడు. రాజు మాత్రం సరే అన్నాడు.

మరునాటి నుంచి పల్లెలోని పుట్టులన్నీ, ఆ గుండ్రటి వెదురు పడవలన్నీ, నీళ్లలోకి దిగాయి. వల వేస్తే బరువు, లాగితే బరువు. ఎన్నాళ్లుగానో ఖాళీగా ఉన్న బుట్టలు నిండి పొర్లాయి. గట్టు మీద బంగారు రాశులు లేచాయి. వలలు లాగుతూ ఆడవాళ్లు పాటలు కట్టారు. ఈ లెక్కన చెరువు శ్రావణానికే తేటపడుతుందని అందరూ అనుకున్నారు.

అయితే పట్టిన చేపల్ని ఏం చెయ్యాలి? నగరంలో ఎవరూ కొనలేదు. రాజు చేపను తింటే కళ్లు పోతాయేమోనని కొందరు, బురద కంపు భరించలేమని కొందరు, ఒళ్లంతా చీలిక ముళ్లు కనుక గొంతులో దిగబడతాయని కొందరు. చేసేది లేక గట్టు వెనక గోతులు తీసి పూడ్చారు. ఎండకు గోతులు కంపు కొట్టాయి. కుక్కలు తవ్విపోశాయి.

కొద్ది రోజులకే పుట్టులు తగ్గాయి. తరువాత ఇంకా తగ్గాయి. ఒక ఉదయం చెంగలి ఒక్కతే రేవులో నిలబడి ఉంది. మిగిలిన వలలన్నీ పందిళ్ల మీద ఆరుతున్నాయి.

వేట ఎందుకు ఆగిందని ఆమె తాతను అడిగింది. ఓబులేసు వల కొసను వేళ్ల మధ్య నలిపాడు.

"తినని చేపను చంపాలంటే చెయ్యి రావడం లేదు పిల్లా. మనం తినడానికి పడతాం, అమ్మడానికి పడతాం. గోతిలో వెయ్యడానికి పట్టే బెస్తవాడు ఎక్కడైనా ఉన్నాడా?"

చెంగలి ఒక బంగారు తీగను బుట్టలో వేసుకుని ఇంటికి నడిచింది. తినని చేపను పట్టలేమంటే, తినే దారి వెతకాలి.

మొదటిసారి మామూలు చేపలాగే పులుసు పెట్టింది. తాత ఒక ముద్ద తిని మెల్లగా కంచం పక్కకు జరిపాడు. "చెరువు గట్టు నమిలినట్టుంది" అన్నాడు. ఆపైన ఒక ముల్లు గొంతులో ఇరుక్కుంటే ఆ పూటంతా అరటిపండ్లు మింగుతూ గడిపాడు.

చెంగలి ఆలోచించింది. బురద తిన్న చేప కడుపులో బురదే ఉంటుంది. ఆ కడుపు ఖాళీ అయ్యేదాకా ఆగితే? చెరువులోకి దిగే కొండవాగు దగ్గర, పారే తేట నీళ్లలో వెదురు బుట్ట కట్టి, అందులో బతికున్న చేపను వదిలింది. తిండి పెట్టకుండా రెండు పొద్దులు ఉంచింది. తరువాత కోసి, ఉప్పూ పసుపూ రాసి, పుల్లమజ్జిగలో కడిగి వండింది. తాత భయపడుతూ వాసన చూశాడు. బురద లేదు. కానీ ముల్లు ఉంది. మళ్లీ అరటిపండ్లే.

"నాతో నీకేమైనా పగ ఉంటే నోటితో చెప్పు" అన్నాడు ఓబులేసు. "ముళ్లతో చెప్పకు."

మూడోసారి చెంగలి చేపను వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూసింది. ముళ్లు పెద్దవి కావు, సన్నవి, కండలోనే పాతుకుని ఉన్నాయి. తీయలేం. తీయలేనివాటిని తునకలు చేస్తే? పదును కత్తితో కండ మీద గాట్లు పెట్టింది, ఒక గాటుకూ ఇంకో గాటుకూ మధ్య వరిగింజ పట్టేంత దూరం. కత్తి దిగిన ప్రతిసారీ లోపల సన్నగా టక్కుమని ముల్లు విరిగింది. కారం, ధనియాలు, వెల్లుల్లి ఆ గాట్లలోకి ఎక్కించి కాగిన నూనెలో వేసింది.

ఆ వాసన ముందు వాళ్ల గుమ్మం దాటింది. తరువాత వీధి మలుపు తిరిగింది. పందిళ్ల కింద పడుకున్నవాళ్లు ఒక్కొక్కరే లేచి కూర్చున్నారు. ఓబులేసు ఒక ముక్క తిన్నాడు. రెండో ముక్కా తిన్నాడు. మూడో ముక్కకు చెయ్యి చాపి, వాకిట నిలబడ్డ జనాన్ని చూసి, "బాగాలేదు, మీరు పోండి" అన్నాడు.

అంతే, పల్లె పల్లెంతా లోపలికి వచ్చింది.

పల్లె తింటే చాలదు, నగరం తినాలి. రాజు చేపను రాజు తినకుండా నగరం తినదు. చెంగలి మూకుడు నెత్తిన పెట్టుకుని కోటకు వెళ్లింది. వంటవాళ్లు ముక్కులు మూసుకుని ఎదురొచ్చి, మూత తీశాక ముక్కుల మీది చేతులు దించారు.

రాజు పళ్లెం వైపు దిగులుగా చూశాడు. తాను పల్లకిలో తెచ్చి వదిలిన బంగారం అది. కళ్లు మూసుకుని ఒక ముక్క నోట పెట్టుకున్నాడు. రాజు నమిలాడు, మింగాడు, కళ్లు తెరిచాడు.

"దీనికి ముళ్లుంటాయన్నారే, ఏవి?"

"తమరు మింగేశారు ప్రభూ" అంది చెంగలి.

ఆ సాయంత్రానికి నగరమంతా గంపలు పట్టుకుని రేవుకు పరుగెత్తింది. ఒక ఇంట్లో మామిడికాయతో, ఇంకో ఇంట్లో చింతచిగురుతో, మరో ఇంట్లో వంకాయతో. మా గాట్లు సన్నం అంటే మా గాట్లు సన్నమని ఆడపడుచులూ వదినలూ వాదించుకున్నారు. కొండవాగు పొడవునా వెదురు బుట్టలు వరుస కట్టాయి. పందిళ్ల మీద ఆరిన వలలన్నీ మళ్లీ నీళ్లలో తడిశాయి. ఇక వాటికి ఆరే తీరికే లేకపోయింది.

వానలు వచ్చాయి, వెళ్లాయి. భాద్రపదం గడిచింది. ఆశ్వయుజం సగమైంది.

నీళ్లు మాత్రం ఎర్రగానే ఉన్నాయి.

ఇదెలా? రోజూ పుట్టుల నిండా పడుతున్నారు. పట్టినదంతా తింటున్నారు. అయినా మరునాడు వల అంతే బరువుగా లేస్తోంది. చెంగలి లెక్క వేసింది, మళ్లీ వేసింది. ఆమె లెక్క ఎప్పుడూ తప్పలేదు, ఇప్పుడు చెరువు తప్పుతోంది.

పిట్ట తూము రాతి మీద నుంచి గొణిగింది. "కోటలో వేపుడు, ఊళ్లో పులుసు. అందరూ కడుపు నిండా తింటున్నారు. నేనేమో ఇంకా బురదలోకే దూకుతున్నాను. ఈ వేటతో శ్రావణానికే నీళ్లు తేటపడతాయని ఎవరో అన్నారు, ఎవరబ్బా?"

చెంగలి ఆ మాట మోసుకుంటూ పుట్టి ఎక్కింది. ఆ రోజు ఆమె వలలో తోక సగం తెగిన ఒక బంగారు తీగ పడింది. ఆ తోకను ఆమె గుర్తుపట్టింది. వానల మొదట్లో ఇదే చేప, పొట్ట ఉబ్బుగా, ఇదే వలలో పడింది. అప్పుడు తానే పసుపు పెట్టి, వెళ్లిరా తల్లీ అని వదిలింది. ఇప్పుడు దాని పొట్ట ఖాళీగా వేలాడుతోంది. చెంగలి నీళ్లలోకి వంగి చూసింది. పుట్టి చుట్టూ, గోరంత పొడవున, లెక్కకు అందని పిల్లలు పసుపు ఇసుకలా మెరుస్తున్నాయి.

వెళ్లిన తల్లి పిల్లలతో వచ్చింది.

చెంగలి ఒడ్డుకు తెడ్డు వేసింది. ఒడ్డున తాత ఉన్నాడు. గుడ్లతో నిండిన పెద్ద బంగారు తీగ ఒకటి అతని చేతుల్లో ఉంది. దాని నుదుట పసుపు అద్దుతున్నాడు. పక్కన మిగతావాళ్లు కూడా తమ బుట్టల్లోంచి తల్లుల్నీ చిన్నవాటినీ ఏరి భక్తిగా నీళ్లలోకి వదులుతున్నారు. రోజూ చేసే పనే అది. ఆమె కూడా రోజూ చేసిన పనే.

"తాతా, తల్లి చేపను ఎందుకు వదులుతాం?" అని అడిగింది.

ఓబులేసు వింతగా చూశాడు. "చెరువు నిండాలని."

"దేనితో?"

ఓబులేసు తన చేతుల వైపు చూసుకున్నాడు. చేతిలోని చేప జారి నీళ్లలో పడింది. దాన్ని మళ్లీ పట్టుకోవాలని ఎవరికీ తోచలేదు.

చెంగలి వలలోనే చచ్చిపోయిన ఇంకో తల్లి చేపను కోసింది. గుడ్ల సంచిని విస్తరాకు మీద పెట్టి, చిటికెడు తీసి, చీపురుపుల్ల కొనతో జరుపుతూ లెక్కపెట్టింది. తరువాత అలాంటి చిటికెలు మొత్తం ఎన్నో చూసింది. లక్ష దాటింది. రెండో లక్ష దాటింది. ఆకు మీద ఇంకా మిగిలే ఉన్నాయి. ఊరంతా కలిసి పగలంతా పట్టినదాన్ని సాయంత్రం పసుపు పెట్టి వదిలిన ఒక్క తల్లి పూడ్చేయగలదు. వాళ్లు రోజూ వదిలింది ఒక్క తల్లిని కాదు.

పల్లెవాళ్లు గుండెలు బాదుకున్నారు. అయినా ఎవరూ ముందుకు రాలేదు. ఆచారం తప్పితే గంగమ్మ కోపగించుకోదా? తల్లిని చంపిన చెయ్యి వల పట్టగలదా? రేపు పిల్లలు పుడితే ఏ మొహంతో ఎత్తుకుంటామని ఒకామె ఏడ్చింది. పున్నమి దగ్గరపడుతోంది. నగరం నుంచి మంత్రి పంపిన గడ్డపారలు అప్పటికే గట్టు మీద మోపులుగా పడి ఉన్నాయి.

మరునాడు తెల్లవారగానే చెంగలి తాతను వెంటబెట్టుకుని వేటకు వెళ్లింది. మొదటి వలలోనే అరటిదూట అంత పెద్ద బంగారు తీగ పడింది. పొట్ట పగిలిపోయేలా గుడ్లు. పుట్టిలో పడగానే అది చెంగలి వైపు తిరిగి మాట్లాడింది.

"పసుపు ఏది? నీళ్లలో వదిలేటప్పుడు నా అక్కలకు పెట్టావు, నాకూ పెట్టు."

చెంగలి చెయ్యి ఆగింది.

"నేను చేసిన తప్పేమిటో చెప్పు" అంది చేప. "ఈ చెరువుకు నేను నడిచి రాలేదు. మీ రాజు మోసుకొచ్చాడు. ఆకలేస్తే తిన్నాను. కాలం వస్తే గుడ్లు పెట్టాను. మీరు చేసేది కూడా ఇదే కదా."

"నీ తప్పు ఏమీ లేదు" అంది చెంగలి. "తప్పు మాది. అడగకుండా తెచ్చాం, ఆలోచించకుండా వదిలాం. కానీ నిన్ను వదిలితే ఈ చెరువులో ఇంకే తల్లికీ చోటు ఉండదు. కొర్రమీను తల్లి ఎక్కడికి పోవాలి? పరిగె తల్లి ఎక్కడ గుడ్లు పెట్టాలి? వాళ్లకోసమే మా పెద్దలు పసుపు చేతపట్టారు."



చెంగలి భరిణె తీసి దాని నుదుట పసుపు పెట్టింది. రెండు చేతులా ఎత్తి కళ్లకద్దుకుంది. అప్పుడు దాన్ని నీళ్లలో వదల్లేదు. బుట్టలో పెట్టింది.

ఓబులేసు కదలకుండా చూస్తున్నాడు. అప్పుడే వల మూలన ఏదో నల్లగా కదిలింది. ఆ ఏడాది వాళ్లకు కనబడిన మొదటి కొర్రమీను. ఆడది, గుడ్లతో ఉంది. ముసలాయన దాన్ని వలలోంచి మెల్లగా తీశాడు. దాని నుదుట పసుపు పెట్టి, నీళ్లకు ఆనించి, "వెళ్లిరా తల్లీ" అన్నాడు. అది తోక ఆడించి మాయమయ్యాక కండువాతో మొహం తుడుచుకున్నాడు. తరువాత లేచి నిలబడి, పక్క పుట్టుల వైపు చేతులు ఊపుతూ కేకేశాడు.

"ఒరేయ్, మన తల్లుల్ని నీళ్లకు ఇవ్వండి. బంగారు తల్లుల్ని బుట్టకు ఇవ్వండి. పసుపు మాత్రం ఇద్దరికీ పెట్టండి."

ఆ మాటతో పల్లె భయం వదిలింది. పసుపు ఇద్దరికీ ఉందంటే గంగమ్మకు చెప్పుకోవడానికి మాట ఉన్నట్టే. ఇక చూడాలి ఆ వేట. చిన్నవాటిని పట్టడానికి ఆడవాళ్లు పాత చీరలు వలలుగా కట్టారు. పెద్దవాటిని పుట్టులు చుట్టుముట్టాయి. ఇన్నాళ్లూ నీళ్లపాలైన చేపగుడ్లు ఇప్పుడు పెనం మీదికి వచ్చాయి. వేయించిన గుడ్ల రుచి చూసిన నగరం, ముక్కల వేపుడు ఎవరికి కావాలంది. మరునాడు వల కాస్త తేలికగా లేచింది. ఆ మరునాడు ఇంకా తేలిక. చెంగలి లెక్కా చెరువు లెక్కా ఇన్నాళ్లకు ఒక్కటయ్యాయి.

కార్తీక పున్నమి వచ్చింది.

పొద్దు పొడవకముందే రేవు నిండిపోయింది. గడ్డపారలు పట్టుకుని కూలీలు ఒక పక్క, మూటలు కట్టుకుని పల్లెవాళ్లు ఇంకో పక్క. రాజు పైమెట్టు మీద నిలబడి వంగి చూశాడు. నీళ్ల మీద తెల్లటి మంచు, ఏమీ కనబడలేదు. మంత్రి గొంతు సవరించుకున్నాడు.

ఎండ కాస్త ఎక్కింది, మంచు విడింది. రాజు మళ్లీ చూశాడు. అడుగున ఏదో గుండ్రంగా, నల్లగా ఉంది. అది బురద ముద్ద కావచ్చన్నాడు మంత్రి. చెంగలి ఒక గడ్డపారను చేతిలోకి తీసుకుంది. ఇచ్చిన మాట ఇచ్చిన మాటే.

అప్పుడు తూము రాతి మీద నుంచి ఒక నీలి మెరుపు కిందికి దూకింది. నీళ్లు చిట్లాయి, వలయాలు లేచాయి. లకుముకి పిట్ట పైకి లేచింది. దాని ముక్కున వెండిలా తన్నుకుంటున్న పరిగె. పిట్ట రాజు తల మీదుగా ఎగిరి వెళ్లింది. వలయాలు సర్దుకున్నాయి. మూడోసారి రాజు చూశాడు.

డిప్ప కనబడింది. తల కనబడింది. రాజు పట్టుబట్ట తడుస్తుందని కూడా చూడకుండా మెట్ల మీద మోకాళ్లూని, చిన్నపిల్లవాడిలా వేలు పెట్టి రాతి తాబేలు గోళ్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

చెంగలి గడ్డపార కింద పడేసింది. పల్లె మూటలు విప్పుకుంది.

రాజు ఆనందం పట్టలేక, ఏం కావాలో కోరుకోమన్నాడు. చెంగలి ఏదో అనబోయేలోగా తానే గొంతు తగ్గించి ఇంకో మాట అన్నాడు.

"అమ్మాయీ, ఆ వేపుడు లేకపోతే నాకు ముద్ద దిగడం లేదు. అన్నిటినీ పట్టేయకండి. ఒక్క జంటను నాకోసం ఆ మూలన వదిలి ఉంచండి. నీకు కోటలో ఇల్లు ఇస్తాను."

ఓబులేసు మనవరాలి కొంగు లాగాడు. ఔనంటే చాలు, బతుకంతా పండుగ. చెంగలి రాజు మొహంలోకి చూసింది.

"ప్రభూ, మొదట వచ్చినవి కూడా ఒక్క గంగాళంలో పట్టాయి" అంది.

మంత్రి నేల చూపులు చూశాడు. రాజు నవ్వాడు. సిగ్గుపడిన నవ్వు అది.

"మరి నా వేపుడు సంగతేమిటి?"

"ఎంత పట్టినా ఏ బురద మూలనో కొన్ని మిగిలే ఉంటాయి. ఏటా వేసవిలో వాటికోసం పుట్టులు దిగుతాయి. తమరూ వచ్చి వల లాగండి. పట్టినంత తినండి. పెంచి మాత్రం తినకండి."

రాజు తలూపాడు. ఆనాటి ఇత్తడి గంగాళాన్ని కోట నుంచి తెప్పించి చెంగలి చేతికిచ్చాడు. బంగారు తీగలు తమ్మిసముద్రానికి వచ్చిన ఆ గంగాళంలోనే ఆ రోజు ఊరందరికీ పులుసు కాగింది. ఆ తరువాత ఏటా వేసవి వేటకు రాజు వచ్చేవాడు. పంచె ఎగగట్టి, మోకాలి లోతు బురదలో జారిపడుతూ లేస్తూ వల లాగేవాడు. గుడ్లతో ఉన్న కొర్రమీను పడితే నుదుట పసుపు పెట్టి తన చేత్తోనే వదిలేవాడు. దొరికిన బంగారు తీగకూ పసుపు పెట్టేవాడు, పెట్టి గంగాళం వైపు నడిచేవాడు.

తమ్మిపూలు మళ్లీ పూశాయి. లకుముకి పిట్ట బాగా ఒళ్లు చేసింది. కథ వల ఎత్తి ఒడ్డుకు చేరింది, విన్న మనం చేతులు కడుక్కుని కంచాల ముందుకు చేరదాం.

ఎందుకు మొదలైందో గుర్తుంచుకుని పాటించిన ఆచారమే మనల్ని కాపాడుతుంది. కారణం మరచి చేస్తే మంచి పని కూడా చెరుపే చేస్తుంది.